ఒక్క జీన్‌ని పట్టుకోవాలా, మొక్క మొత్తాన్ని చూడాలా?

సాగరిక_ఎమ్మెస్సీ

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ జెనెటిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. వరిలో ముంపును తట్టుకునే సబ్1ఏ జీన్ మీద ప్రాజెక్టు. మొన్న సెమినార్‌కి వచ్చిన సార్ ఒకాయన "ఒక్కో జీన్‌ని విడదీసి చూసే రోజులు పోయాయి, ఇకంతా సిస్టమ్స్ బయాలజీయే" అన్నారు. అంటే జీన్లన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో చూడాలని. మా గైడ్ ఏమో "ముందు ఒక్క జీన్ ఏం చేస్తుందో తిన్నగా చెప్పు, సిస్టమ్ సంగతి తర్వాత చూద్దాం" అంటారు. వీళ్లిద్దరి మధ్య నాకు టెన్షన్. వైవాలో ఈ ప్రశ్న పడటం ఖాయం. నిర్వచనాలు వద్దండి, నోట్సులో బోలెడు ఉన్నాయి. నిజంగా జరిగినవి చెప్పండి.

సందేహాలరావు

ఆ సెమినార్ సార్ చెప్పిందే నిజం. జీవాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ పేరు పెట్టి, అంతా తెలిసిపోయిందని చంకలు గుద్దుకోవడం ఇరవయ్యో శతాబ్దపు జబ్బు. మనిషి జీనోమ్ (జీన్లతో సహా డీఎన్ఏ అంతా) చదివేస్తే రోగాల గుట్టు బయటపడుతుందని ఊదరగొట్టారు. 2003లో ఆ జీనోమ్ ప్రాజెక్టు ముగిసింది. లక్ష దాకా జీన్లుంటాయని ఊహించినవాళ్లకి చివరికి తేలింది ఇరవై వేల చిల్లర. షుగర్ ఏమైనా పోయిందా? బీపీ పోయిందా? ప్రకృతిలో అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. దారం పోగు ఒకటి లాగి బట్ట ఇదే అంటే ఎలా?

వరిమొలక

రావు గారూ, సాగరిక అడిగింది వరి గురించి. వరి దగ్గరే మాట్లాడదాం. నేను కొన్నేళ్లు బ్రీడింగ్‌లో పనిచేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఒడిశాలో ఎఫ్ఆర్13ఏ అని ఒక పాత రకం ఉంది. మొత్తం మునిగి రెండు వారాలున్నా, నీళ్లు తీశాక మళ్లీ చిగురేస్తుంది. దాన్ని మంచి రకాలతో సంకరం చేయడం చాలాకాలం నడిచింది. ముంపు తట్టుకునే పిల్లలు వచ్చాయి కానీ ఎక్కువ ఎత్తు, నాసి గింజ లాంటి పనికిరాని లక్షణాలు కూడా వెంట వచ్చాయి. రైతులు వాటిని తీసుకోలేదు. గమనించండి, అది మొక్క మొత్తాన్ని చూసి చేసిన పనే.

1996లో ఆ గుణంలో పెద్ద వాటా తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఒకే చోట ఉందని మ్యాపింగ్‌లో తేలింది. ఆ చోటుకి సబ్1 అని పేరు పెట్టారు. 2006లో అందులో అసలు పనిచేసేది సబ్1ఏ అనే జీన్ అని పట్టుకున్నారు. దాని చుట్టూ ఉన్న మార్కర్లు (డీఎన్ఏలో గుర్తులు) చేతికి రాగానే, మార్టేరులో పుట్టిన మన స్వర్ణలోకి (ఎంటీయూ 7029) ఆ చిన్న ముక్కని మాత్రమే, మళ్లీ మళ్లీ స్వర్ణతోనే సంకరం చేసే బ్యాక్‌క్రాస్‌తో దింపారు. మిగతా జీనోమ్ దాదాపు అంతా స్వర్ణదే. 2009లో స్వర్ణ-సబ్1 మన దేశంలో విడుదలైంది. ముంపు రాని ఏడాది చేలో చూస్తే అది స్వర్ణే, తేడా కనిపెట్టలేరు. ముంపు వచ్చిన ఏడాది పక్క చేను కుళ్లిపోతే ఇది లేస్తుంది.

ఒక్క జీన్‌ని విడదీసి చూడటం దండగ అనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

ఇక ఆ జీన్ చేసే పని. నీళ్లలో మునిగిన మొక్కలో ఇథిలీన్ అనే హార్మోన్ వాయువు పోగవుతుంది. మామూలు వరి దాన్ని "పైకి పెరుగు" అనే కబురుగా తీసుకుంటుంది. మొక్కని సాగదీసే గిబ్బరెల్లిన్ హార్మోన్ పని మొదలై, ఆకులు సన్నగా సాగి, దాచుకున్న పిండిపదార్థం అయిపోయి మొక్క చస్తుంది. సబ్1ఏ ఉన్న మొక్కలో గిబ్బరెల్లిన్‌కి అడ్డుపడే ప్రోటీన్లు పెరుగుతాయి. సాగడం ఆగుతుంది, పిండి మిగులుతుంది, నీరు తీశాక ఆ మిగులుతోనే చిగురేస్తుంది. అంటే ఈ జీన్ తనంతట తాను ముంపును ఆపేదేమీ కాదు. ఉన్న హార్మోన్ల వ్యవస్థకి బ్రేకు వేస్తుంది, అంతే. ఆ వ్యవస్థ లేకపోతే దీనికి పనే లేదు.

కోనసీమ_కాపు

ఆయ్, వరిమొలక గారు రాసింది చదివాను. పుస్తకం సంగతి నాకు తెలీదండి, చేను సంగతి చెబుతాను. మాది మురుగు కాలువ పక్కన పల్లం. తుపాను వాన పడి, చేను మునిగి, పది రోజుల్లో నీరు లాగేస్తే ఆ సబ్ రకం బాగానే నిలబడుతుంది. అది నిజం, నేను చూశాను. కానీ కాలువ పూడిపోయి మోకాలి పైదాకా నీరు నెల, నెలన్నర కదలకుండా ఉంటుందే, ఆ చేలో దీని వల్ల ఒరిగేదేమీ లేదు. పిలకలు రావు, దుబ్బు కట్టదు. "ముంపు రకం" అని చెప్పి అమ్మిన విత్తనాల కొట్టువాడు ఏ ముంపో చెప్పలేదు.

మాకు రెండూ ముంపులే. మీకెందుకండీ ఒకటే కనిపిస్తుంది?

వరిమొలక

కాపు గారూ, దండం పెట్టాలి మీకు. సాగరికా, వైవాలో చెప్పాల్సిన మాట ఇదే.

కాపు గారు చెప్పిన రెండో దాన్ని నిలవ నీటి ముంపు అంటారు. అందులో మొక్క బతకాలంటే ఆకు నీటి పైకి రావాలి, అంటే సాగాలి. సబ్1ఏ సాగనివ్వదు. ఒక ముంపులో ప్రాణం పోసిన బ్రేకే ఇంకో ముంపులో మెడకి గుదిబండ అవుతుంది. లోతు నీటి వరి రకాల్లో స్నార్కెల్1, స్నార్కెల్2 అని రెండు జీన్లు 2009లో దొరికాయి. అవి సబ్1ఏ కుటుంబానివే, అదే ఇథిలీన్ కబురుకి స్పందిస్తాయి. చేసే పని మాత్రం సరిగ్గా తిరగబడి ఉంటుంది, మొక్కని వీలైనంత పైకి సాగదీస్తాయి. ఇక విత్తనం వెదజల్లగానే నీరు నిలిస్తే మొలక రావడం అనేది మూడో సమస్య. దానికి సబ్1ఏతో సంబంధమే లేదు.

కాబట్టి "ముంపును తట్టుకునే జీన్" అనే మాటలో నీటి లోతు, రోజులు, పైరు వయసు కలిపి చెప్పకపోతే ఆ వాక్యం సగమే.

సందేహాలరావు

చూశారా, చివరికి నా దారికే వచ్చారు. పరిసరాలన్నీ కలిపి చూడాలనే కదా నేనన్నది.

ఈస్ట్_పిచ్చోడు

లేదు రావు గారూ, మీ దారికి ఎవరూ రాలేదు. "అన్నీ ముడిపడి ఉన్నాయి" అని మీరన్నారు. ఏది దేనితో, ఎంత గట్టిగా, ఎప్పుడు ముడిపడిందో వరిమొలక గారు చెప్పారు. ఆ రెండింటికీ చాలా దూరం ఉంది. మొదటిదాన్ని తప్పని నిరూపించడం ఎవరి తరమూ కాదు, అందుకే దానితో పనీ లేదు.

నేను విదేశంలో ఈస్ట్ (పిండి పులియబెట్టే ఒంటికణ జీవి) మీద పనిచేస్తాను. మా ఫీల్డ్‌లో జరిగింది చెబుతా. ఈస్ట్‌కి సుమారు 6,000 జీన్లు. ఒక్కో జీన్‌ని తీసేసి చూస్తే, మంచి తిండి పెట్టినప్పుడు చచ్చిపోయేది దాదాపు వెయ్యి జీన్ల విషయంలోనే. మిగతా వాటిలో ఏది తీసినా కణం బతుకుతుంది. మరి అవన్నీ దండగ జీన్లా? వెయ్యికి పైగా మందులు, ఒత్తిళ్లు పెట్టి చూస్తే 97 శాతం జీన్లకి ఎక్కడో ఒకచోట అవసరం ఉందని 2008లో తేలింది. తర్వాత టొరంటో వాళ్లు రెండేసి జీన్లు కలిపి తీసేశారు. 2016 నాటికి రెండు కోట్లకు పైగా జంటలు పరీక్షించి, దాదాపు పది లక్షల పరస్పర సంబంధాలు చూపించారు. విడివిడిగా తీస్తే ఏమీ కాని రెండు జీన్లు కలిపి తీస్తే కణం చస్తుంది. ఒకటి పోతే ఇంకోటి కాసుకుంటోందన్నమాట.

ఇది సిస్టమ్స్ బయాలజీయే. చేసిన తీరు చూడండి, ఒక్కో జీన్‌ని కత్తిరించడమే. కత్తిరించే ఓపిక లేనివాళ్లకి ఆ వల కనిపించేది కాదు.

ఇంకోటి. 2016లోనే అమెరికా శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ బృందం బతకడానికి కావాల్సినంత వరకే ఉంచి, మిగతావి తీసేసి ఒక బ్యాక్టీరియా తయారు చేసింది. 473 జీన్లు. వాటిలో 149 ఏం చేస్తున్నాయో తయారు చేసినవాళ్లకే తెలీలేదు. తీస్తే చస్తుంది, ఉంచితే ఎందుకో తెలీదు. నాకు ఈ సంఖ్య చాలా ఇష్టం. ముక్కలన్నీ చేతిలో ఉన్నంత మాత్రాన కథ అయిపోదని చెబుతూనే, కథ ముందుకు నడవాలంటే ఆ 149నీ ఒక్కోటిగా తేల్చుకోక తప్పదని కూడా చెబుతోంది.

డాక్టర్_పద్మజ

వైద్యం వైపు నుంచి ఒక్క ఉదాహరణ. ఏజెన్సీ ప్రాంతంలో కొన్నాళ్లు పనిచేశాను కాబట్టి సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) గురించి రాస్తాను.

ఒకే జీన్ జబ్బుల్లో అన్నిటికంటే శుద్ధమైన ఉదాహరణ ఇదే అంటారు. 1949లో లైనస్ పాలింగ్ దీన్ని అణువు స్థాయి జబ్బు అన్నాడు. కొన్నేళ్లకే ఇంగ్రామ్ హీమోగ్లోబిన్ ప్రోటీన్‌లో భాగమైన బీటా గ్లోబిన్‌లో ఆరో అమైనో ఆమ్లం ఒక్కటి మారిందని చూపించాడు. ఇంతకంటే విడదీయడానికి ఇంకేమీ లేదు. అయినా ఓపీలో ఒకే మార్పు ఉన్న ఇద్దరు పిల్లల్ని చూడండి. ఒకడు ఏడాదిలో నాలుగైదుసార్లు ఒళ్లంతా నొప్పులతో అడ్మిట్ అవుతాడు. ఇంకో అమ్మాయికి పెళ్లై గర్భం వచ్చాక చేసిన రక్తపరీక్షలో గానీ బయటపడదు.

కారణాల్లో పెద్దది, పుట్టకముందు ఉండే హీమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎంత మిగిలింది అన్నది. మన దేశపు రోగుల్లో చాలామందికి అది కాస్త ఎక్కువగా ఉంటుంది. వాళ్లలో జబ్బు తరచుగా మెత్తబడి కనిపిస్తుంది, అందరిలో కాదు. దాన్ని పెంచే తగ్గించే మీట ఎక్కడుందని జీనోమ్ మొత్తం గాలిస్తే 2007, 2008 ప్రాంతంలో బీసీఎల్11ఏ అనే జీన్ దొరికింది. గ్లోబిన్ జీన్ పదకొండో క్రోమోజోమ్ మీద, ఇది రెండో దాని మీద. 2023లో బ్రిటన్, అమెరికాల్లో అనుమతి పొందిన క్రిస్పర్ (డీఎన్ఏని కోరిన చోట కత్తిరించే పద్ధతి) చికిత్స చెడిన గ్లోబిన్ జీన్‌ని ముట్టుకోదు. ఎర్ర కణాల్లో బీసీఎల్11ఏని నడిపే చిన్న ముక్కని కత్తిరించి, పుట్టకముందటి హీమోగ్లోబిన్ మళ్లీ పెరిగేలా చేస్తుంది.

జబ్బు ఒక జీన్‌ది, మందు ఇంకో జీన్ మీద. ఈ రెండిటి మధ్య దారి జీనోమ్ అంతా గాలించిన వాళ్లు కనిపెట్టారు, ఒక్క చోట కత్తెర పెట్టిన వాళ్లు పూర్తి చేశారు. మా ఏజెన్సీ పిల్లలకి అది ఎప్పుడు అందుతుందంటారా, దాని ధర వింటే అడగబుద్ధి కాదు. వాళ్లకి ఇప్పటికి హైడ్రాక్సీయూరియా మందే దిక్కు.

సందేహాలరావు

డాక్టరమ్మా, బాగుంది. కానీ మీరంతా ఒకటి రెండు జీన్లు పెద్ద పాత్ర ఆడే ఉదాహరణలే ఏరుకొస్తున్నారు. దిగుబడి తీసుకోండి. మనిషి ఎత్తు తీసుకోండి. అక్కడ మీ కత్తెర ఏం చేస్తుంది?

లెక్కల_మాస్టారు

ఇది సరైన ప్రశ్న. ఇన్నిసార్లు రాశాక రావు గారు ఒకటి గురి చూసి కొట్టారు.

ఎత్తు మీద 2022లో 54 లక్షల మంది జీనోములతో లెక్క కట్టారు. 12,111 చోట్ల తేడాలు దొరికాయి. ఒక్కోదాని ప్రభావం మిల్లీమీటర్లలో ఉంటుంది. అన్నీ కలిపితే యూరప్ మూలాలున్న వాళ్లలో ఎత్తు తేడాల్లో 40 శాతం దాకా వివరించగలిగాయి. మిగతా జాతుల వాళ్లకి అదే లెక్క వేస్తే 10 నుంచి 20 శాతమే. ఆ నమూనాలో యూరప్ వాళ్లే ఎక్కువ కాబట్టి మనవాళ్లకి అది అంతంత మాత్రంగా పనిచేస్తుంది.

ఇక్కడ ఏ ఒక్క జీన్ కథ చెప్పినా అబద్ధమే అవుతుంది. కానీ విచిత్రం ఏమిటంటే, ఈ లెక్క లోపల జీన్ల మధ్య ముడులేమీ లేవు. ఒక్కోదానికీ చిన్న అంకె వేసి కూడుకుంటూ పోవడమే. అంటే ఇది ఇంకా పచ్చి విడదీత. అయినా చాలావరకు పనిచేస్తోంది.

దీని వెనక పాత తగాదా ఒకటుంది. 1959లో పరిణామ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మేయర్ ఇలా కూడుకునే జెనెటిక్స్‌ని గింజల సంచి అని ఎద్దేవా చేశాడు. సంచిలోంచి రంగురంగుల గింజలు తీసి లెక్కపెట్టినట్టు జీన్లని లెక్కపెడతారు, అవి ఒకదాని పనిలో ఒకటి వేలు పెడతాయని మరిచిపోతారు అని ఆయన ఫిర్యాదు. దానికి జవాబు రాసింది జన్యుశాస్త్రవేత్త జేబీఎస్ హాల్డేన్, 1964లో. అప్పటికి ఆయన ఇంగ్లండ్ వదిలి వచ్చి మన పౌరుడై, భువనేశ్వర్‌లో ఉన్నారు. శిష్యుల్లో మన పిఠాపురం వాడు ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. హాల్డేన్ వాదన సారాంశం ఇది: జీన్లు కలిసి పనిచేస్తాయని మాకూ తెలుసు. కానీ మాటల్లో చెప్పిన వాదంలో లోపం దాక్కుంటుంది, లెక్క కట్టిన వాదంలో దొరికిపోతుంది. ముందు సులువైన లెక్క కట్టి, అది ఎక్కడ తప్పుతుందో చూస్తే ముడి ఎక్కడుందో తెలుస్తుంది.

ఆ ఏడాది డిసెంబర్‌లోనే ఆయన పోయారు. శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇమ్మని ముందే రాసి పెట్టారు, అలాగే ఇచ్చారు. మన కాకినాడ కుర్రాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరో మరి.

నల్లరేగడి

మాస్టారూ, హాల్డేన్ సంగతి నాకు కొత్త. వరి గురించి ఒక డౌట్. ఐఆర్8 వరి రకంలోని పొట్టి జీన్ ఒక్కటే కదా హరిత విప్లవం తెచ్చింది? అది ఏ లెక్కలోకి వస్తుంది?

వరిమొలక

పొట్టి జీన్ ఎస్‌డీ1. గిబ్బరెల్లిన్ తయారు చేసే ఎంజైమ్ ఒకటి చెడిపోవడం వల్ల మొక్క పొట్టిగా ఉండి, ఎరువు వేసినా పడిపోదు. 1966లో ఐఆర్8 విడుదలైంది. మరుసటి ఏడాది ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు పండించి చూపాక ఆయన పేరే ఐఆర్8 సుబ్బారావు అయింది. ఒక్క జీన్ గెలుపు అంటే ఇంతకంటే పెద్దది లేదు.

కానీ ఆ గెలుపుకి తోకలున్నాయి. ఒకటి, కరువును తట్టుకునే గుణం ఇచ్చే ఒక చోటు ఇదే ఎస్‌డీ1 పక్కనే ఉంది. పొట్టి మొక్కల్ని ఏరుకుంటూ పోయిన బ్రీడర్లు తెలియకుండానే దాన్ని వదిలేశారు. 2015లో ఇది బయటపడింది. పక్కపక్కన ఉన్నాయి తప్ప రెండూ ఒకటి కావు కాబట్టి, ఓపిగ్గా సంకరం చేస్తే విడదీయవచ్చు. మొక్క మొత్తం ఇంతే, మార్చలేం అని ఊరుకుంటే ఈ దారి కనిపించదు.

రెండోది వరి రసం పీల్చే సుడిదోమ. దట్టమైన పైరు, నత్రజని ఎక్కువ. పైగా పిచికారీ చేసిన మందుకి ముందు చచ్చేది దోమని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు. దోమకి అడ్డు చెప్పే ఒక్క జీన్ పెట్టి 1973లో ఐఆర్26 ఇచ్చారు, కొన్నేళ్లలోనే దోమ దాన్ని దాటేసింది. చివరికి ఇండోనేషియా 1986లో వరి మీద 57 రకాల పురుగుమందుల్ని ఒక్కసారిగా నిషేధించింది. దిగుబడి పడిపోలేదు. ఇక్కడ మాత్రం సమాధానం జీన్‌లో లేదు, చేలో ఉంది.

సాంబ మసూరికి బ్యాక్టీరియా తెచ్చే ఎండాకు తెగులు విషయంలో, ఒక్క జీన్ చాలదన్న ఈ పాఠం పనికొచ్చింది. హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి ఆ సాంబ మసూరి (బీపీటీ 5204)లోకి ఒకటి కాదు, మూడు జీన్లు ఎక్కించాయి: ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5. బ్యాక్టీరియా మూడింటినీ ఒకేసారి దాటడం కష్టం. 2008లో విడుదలైంది. సాగరికా, ఈ మూడింటిలో ఎక్స్ఏ13 చదువు. దాన్ని తెగులు నిరోధక జీన్ అంటాం గానీ, అసలు పని చక్కెరని కణం బయటికి పంపడం. పుప్పొడి తయారు కావడానికి అది కావాలి. బ్యాక్టీరియా దొంగతనంగా ఆ జీన్ స్విచ్ నొక్కి చక్కెర రప్పించుకుంటుంది. నిరోధక రకంలో ఆ స్విచ్ మారిపోయింది కాబట్టి దొంగ వేలికి అందదు. జీన్‌నే పూర్తిగా అణిచేస్తే తెగులు తగ్గుతుంది, దాంతోపాటు పుప్పొడి కూడా చెడి గింజ పట్టదు.

కోనసీమ_కాపు

అయితే నిలవ నీరు ముంపుకీ, తుపాను ముంపుకీ రెండిటికీ పనికొచ్చే రకం వస్తుందాండీ రాదా? అది చెప్పండి చాలు.

వరిమొలక

ప్రయత్నాలు నడుస్తున్నాయి కాపు గారూ. సబ్1ఏ ఉంచుతూనే నిలవ నీటిలో కాస్త సాగే జన్యు నేపథ్యం (మిగతా జీన్లు) ఉన్న రకాల్ని ఏరుతున్నారు. అదే సబ్1 ముక్క వేరే వేరే రకాల్లో పెడితే బతికే శాతం మారుతుంది, కాబట్టి వీలు లేకపోలేదు. ఈలోగా మీ పల్లానికి నా సలహా అడిగితే విత్తనం కంటే ముందు ఆ మురుగు కాలువ పూడిక.

కోనసీమ_కాపు

ఆ పూడిక గురించి అర్జీలు పెట్టీ పెట్టీ చేతులు నొప్పెట్టాయండి. కానివ్వండి.

సందేహాలరావు

నేను ఒక్కటి మాత్రం వదలను. నిధులన్నీ జీన్ వేటకే పోతున్నాయి. కాలువ, సాలీడు, మట్టి చూసేవాడికి ప్రాజెక్టు దొరకదు. ఇది సైన్స్ వాదన కాదు, డబ్బు వాదన అంటే అనండి.

ఈస్ట్_పిచ్చోడు

ఇది మాత్రం ఒప్పుకుంటా. ఒక జీన్, ఒక పేపర్, ఒక పేటెంట్ అంటే లెక్క చూపడం సులువు. చేను మొత్తం మీద పదేళ్ల పనికి మూడేళ్ల గ్రాంట్ సరిపోదు. అయితే దాని పరిష్కారం "విడదీయడం ఆపండి" కాదు.

సాగరిక_ఎమ్మెస్సీ

అందరికీ చాలా థాంక్స్. వరిమొలక గారూ, ఇంకో చిన్న సాయం. మా నెట్‌హౌస్‌లో స్వర్ణ, స్వర్ణ-సబ్1 రెండూ ఉన్నాయి. ఇప్పటిదాకా ప్లాన్ పూర్తి ముంపు ఒక్కటే. కాపు గారు చెప్పింది చదివాక నిలవ నీరు కూడా పెడదామనుకుంటున్నాను. ఏం కొలవాలి?

వరిమొలక

మంచి ఆలోచన. రెండు రకాలూ ఒకే వయసు నారుతో మొదలుపెట్టు. ఒక సెట్ రెండు వారాలు పూర్తిగా ముంచి తీయి, ఇంకో సెట్ 40, 50 సెంటీమీటర్ల నీటిలో నెల పైన ఉంచు, మూడోది మామూలు నీటిలో. ముంపుకి ముందూ తర్వాతా ఎత్తు, కాండంలో పిండిపదార్థం, పిలకల సంఖ్య, బతికిన మొక్కలు. నీరు మురికిగా ఉంటే వెలుతురు తగ్గి ఫలితం మారుతుంది, అదీ రాసుకో. వీలుంటే సాంబ మసూరి నేపథ్యంలో సబ్1 ఉన్న లైన్ ఎవరినైనా అడిగి తెచ్చుకో. జీన్ ఒకటే, ఇల్లు మారితే ఏమవుతుందో చూడొచ్చు.

లెక్కల_మాస్టారు

అమ్మాయ్, ప్రతి సెట్‌కీ కనీసం మూడు నాలుగు తొట్లు విడివిడిగా పెట్టు. ఒకే తొట్టిలో ముప్పై మొక్కలు పెట్టి ముప్పై విడి ప్రయోగాలని లెక్క రాస్తే వైవాలో నాలాంటివాడు పట్టుకుంటాడు.

సాగరిక_ఎమ్మెస్సీ

సరే మాస్టారూ, తొట్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయో సోమవారం కనుక్కుంటాను. లోతైనవి చేపల విభాగం వాళ్ల దగ్గరే ఉన్నాయట, అడగాలి. సాంబ మసూరి లైన్ ఎవరి దగ్గరైనా ఉంటే మెసేజ్ పెట్టండి.